ఎర్ర కారులో అమ్మ కంచు తాళాలు

మొన్న ఆదివారం మా పక్కింటి కుర్రాడు కొత్త కారు కొనుక్కొచ్చి, "ఆంటీ, ఒక్క పాట వినేసి వెళ్ళిపోండి" అని నన్ను పట్టుకెళ్ళి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తలుపు మూయగానే బయట వీధి మాయమైంది. పాట ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. కాళ్ళ కింద నుంచీ, తల వెనక నుంచీ, తలుపుల్లోంచీ కూడా వస్తున్నట్టుంది. ఏ స్పీకరు ఎక్కడుందో వాడు చెప్తున్నాడు, నేను తలాడిస్తున్నాను. అన్నీ కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చారట, వాడు ఒక్క మేకు కూడా కొట్టించుకోలేదట. చివరికి, "ఎలా ఉంది ఆంటీ? ఏమైనా తగ్గిందా?" అని అడిగాడు. మర్యాదకి అడిగిన మాటే. కానీ అది వినేసరికి నేను ఆ కారులో లేను. మల్కాపురంలో, మా వీధి మలుపులో, నేలకి జానెడు ఎత్తున్న ఒక ఎర్ర కారు పక్కన చున్నీ కొస నోట్లో పెట్టుకుని, నాన్న ఏం తీర్పు చెప్తాడా అని నిలబడి ఉన్నాను.

ముందే చెప్తున్నాను, పాత రోజులే బంగారం అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా పాత రోజులకి ఆయిల్ రిఫైనరీ వాసన ఉండేది. ఆరేసిన బట్టలు ఆ వాసనతోనే మడతెట్టేవాళ్ళం. గాలి తిరిగితే హార్బరు వైపు నుంచి ఎండుచేపల వాసన, వాన ముందు పోర్టు నుంచి ఎర్రగా ఇనప ఖనిజం ధూళి. అమ్మ పొద్దున్న తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అయినా ఆ ఇల్లు తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది వాసన కాదు, గోల. మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడేవాళ్ళు కాదు. ఉప్పు అందించమన్నా అరుపే, దేవుడి స్తోత్రమన్నా అరుపే. మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు, ఏదో తగాదా మధ్యలో వచ్చాం కాబోలనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాళ్ళు. నాన్న ఓడల మరమ్మతు చేసే ఒక యార్డులో పనిచేసేవాడు, ఓడ పొట్టలోకి దిగి రేకుల తుప్పు సుత్తితో కొట్టి రాల్చడం పని. అక్కడ అరిస్తే గానీ మాట వినపడదు, ఆ అలవాటే ఇంటికి వచ్చిందని మేమనుకునేవాళ్ళం. యార్డువాళ్ళ ఇళ్ళన్నీ అంతే కదా అని మాకది వింతగా కూడా తోచలేదు.

సాయంత్రం నాన్న వచ్చేసరికి కనుబొమల మీద కూడా ఎర్ర పొడి ఉండేది. కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, పెరట్లో నీళ్ళు పోసుకుని, ఉతికిన లుంగీ కట్టుకుని, అమ్మ గ్లాసు నిండా ఇచ్చిన టీ అరుగు మీద కూర్చుని తాగేవాడు. ఆ తరవాత అరగంటసేపు ఆయన యార్డు మనిషి కాదు, మేం గుడి అనే మా చర్చిలో పాటల జట్టుకి, అంటే క్వయరుకి, మాస్టారు. హార్మోనియం పెట్టె తెరవకుండానే శ్రుతి ఎత్తేవాడు, పెట్టె తెరిచి చూస్తే సరిగ్గా అదే మెట్టు మోగేది. ఆయన చెవి మల్కాపురం అంతటికీ నమ్మకం. పెళ్ళికి మైకు సెట్టు తెచ్చినా, ఎవరైనా సెకండ్‌హ్యాండు హార్మోనియం కొనుక్కోవాలన్నా, ముందు నాన్నకి వినిపించేవాళ్ళు. హార్బరులోకి ఓడ వచ్చి కూత పెడితే, భోజనం దగ్గరే ముద్ద ఆపి, "బొగ్గు ఓడ. కాళీగా వత్తంది" అనేవాడు. అది తప్పిన రోజు నాకు గుర్తులేదు. ఓడ కూతలు మంద్రంగా ఉంటాయి, అలాంటివి ఆయనకి చివరిదాకా బాగానే వినపడ్డాయి. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు.

అమ్మ కూడా క్వయరులోనే. ఆమె గొంతు అంతంతమాత్రం, ఆ మాట ఆమే చెప్పుకునేది. కానీ ఆమె చేతిలో కంచు తాళాలు ఉండేవి. అరచేతిలో ఇమిడే చిన్న జత, మధ్యలో ఎర్ర తాడు. ఆమె పుట్టింటివాళ్ళది పద్మనాభం అవతల పల్లె. అక్కడి గుడిలో చిన్నప్పటి నుంచీ వాయించి, పెళ్ళయ్యాక వాటిని చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది. ఆ తాళాల మోత విని ఎదుటి వరసలో నిలబడ్డ పిల్లని చూసుకోకుండానే ఒప్పుకున్నానని నాన్న అనేవాడు. "అబద్ధం. ముందు నన్నే సూసేడు, తరవాతే తాళం" అని అమ్మ. ఒక ఈస్టరుకి మా క్వయరు పాటలన్నీ బావ టేప్‌రికార్డరు పాస్టరు అయ్యగారు ప్రసంగించే పుల్పిట్ మెట్టు మీద పెట్టి క్యాసెట్‌లోకి ఎక్కించాడు. మధ్యలో ఎవరో పాప ఏడుపు, బయట సైకిలు గంట, అయ్యగారి దగ్గు అన్నీ పడ్డాయి. అయినా ఆ క్యాసెట్ మా ఇంట్లో బైబిలు పక్కనే ఉండేది.

బావంటే దానియేలు బావ, నాన్న చెల్లెలి కొడుకు. మేనత్త చిన్న వయసులోనే పోతే నాన్నే తెచ్చి పెంచాడు. పెద్దయ్యాక ఓడల్లో ఇంజన్ గదిలో పనికి కుదిరి, నెలల తరబడి సముద్రం మీద ఉండి, దిగినప్పుడు మా ఇంటికే వచ్చేవాడు. ఆ బావనే తరవాత నేను చేసుకున్నాను, ఆ కథ ఇక్కడ అనవసరం. ఓసారి ఓడ దిగినవాడు తిన్నగా పెద్దవాల్తేరు వెళ్ళి, ఎవరో పెద్ద డాక్టరు గారి షెడ్డులో ఏళ్ళుగా టార్పాలిన్ కింద పడి ఉన్న కారు ఒకటి కొని, మినీలారీకి కట్టి లాక్కుంటూ మా వీధిలోకి తెచ్చాడు. విదేశీ రేసు కారు. ఎర్రగా, పొడుగాటి మూతితో, రెండే తలుపులు, ఇద్దరికే చోటు. లోపల కూర్చుంటే రోడ్డు మీద కూర్చున్నట్టే ఉంటుంది. వీధి వీధంతా చుట్టూ మూగింది. అమ్మ కొంగు నడుముకి దోపుకుని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇద్దరే కూసునే కారేట్రా? మిగతావోళ్ళం ఎనకాల పరిగెట్టాలా?" అంది. బావ నవ్వుతూ, "నిన్నూ మావయ్యనీ కూసోబెడితే సాలత్తా, ఇంకెవరు కావాలి" అన్నాడు. అప్పటికి అది ఉత్త మాటే.

ఇంజను బాగు చేయడానికి బావకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. పాట దగ్గరే పేచీ వచ్చింది. కారులో పాత రేడియో ఒకటి ఉండేది, తిప్పితే తుమ్మి ఊరుకునేది. బావ మరో ప్రయాణంలో ఏ రేవులోనో కొన్న క్యాసెట్ డెక్కు చొక్కాల మధ్య చుట్టి తెచ్చాడు. దాన్ని బిగించడానికి పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండే అప్పల్రాజుని పిలిచాడు. అప్పల్రాజు జాలరిపేట మనిషి, అన్నదమ్ములంతా వేటకి వెళ్తారు. ఈయనకి తెప్ప ఎక్కితే వాంతులు. అందుకని ఒడ్డునే ఉండి వైరింగు పని నేర్చుకున్నాడు. వైర్లని టేపుతో గానీ క్లిప్పులతో గానీ కట్టేవాడు కాదు. నైలాను దారంతో వల ముడి వేసేవాడు. ఎందుకయ్యా అంటే, "క్లిప్పు ఉప్పుగాలికి తుప్పట్టేత్తాదమ్మా. ఈ ముడి మా నాన్నది, సొరసేప లాగినా ఊడదు" అనేవాడు. ఇప్పటికీ ఆ కారు డాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే వలలాగే తగులుతుంది.

మొదటి తీర్పు ఒక ఆదివారం. గుడి అయింది, కోడికూర అన్నం అయింది, వీధంతా కునికే వేళ. రెక్సిను సీటు ఎండకి కాలుతోందని అమ్మ మీద పాత దుప్పటి పరిచింది. నాన్న ఇంకా గుడి బట్టల్లోనే, తెల్ల ప్యాంటు పాడవకుండా మెల్లగా లోపలికి జారి కూర్చున్నాడు. బావ మా క్యాసెట్టే పెట్టాడు. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక కళ్ళు తెరిచి, "గొంతులు బాగా పలుకుతన్నాయిరా. మరి మీ అత్త తాళాలేవీ?" అన్నాడు. బావ మొహం చిన్నబోయింది. ఆ తాళాలు నాకు బయట నిలబడ్డా వినపడ్డాయి. కానీ నాన్న మాట ముందు నా చెవి ఎంత? ఆయనకి వినపడవలసిన తీరు వేరేగా ఉంటుంది, మనకి వినపడేది తుక్కు అనుకున్నాను. బావా అదే అనుకున్నాడు. అప్పల్రాజు కూడా, "మాస్టారు సెప్పేరంటే ఉండే ఉంటాది" అని స్క్రూడ్రైవరు తీశాడు. ఇంటిల్లిపాదీ మా సొంత చెవుల్ని మేమే నమ్మకపోవడం అలా మొదలైంది.

ఇంక బావ ఓడ దిగినప్పుడల్లా అదే పని. ఒకసారి తలుపులు కోసి పెద్ద స్పీకర్లు పెట్టించాడు. అప్పుడు ఇంజను రొద పాటలోకి వచ్చేది, గేరు వేస్తే క్వయరంతా ఒక్కసారి మూలిగినట్టు. అప్పల్రాజు కారు కిందకి దూరి, ఎర్తు వైరు మార్చి ఆ మూలుగు పోగొట్టాడు. ఇంకోసారి ఆంప్లిఫయరు వచ్చింది. మరోసారి సీట్ల వెనక సామాను పెట్టుకునే చోట చెక్క పెట్టెలో, అడుగు మోత పలికే ఊఫరు కూర్చుంది, దాంతో బావ బట్టల సంచి నా ఒళ్ళోకి వచ్చింది. ప్రతిసారీ ఆదివారం అన్నం తిన్నాక నాన్న తెల్ల బట్టల్లో లోపలికి జారేవాడు. ప్రతిసారీ మేం బయట నిలబడేవాళ్ళం. "అడుగు గొంతు అదిరిందిరా, నా రొమ్ములోకి వచ్చింది. తాళాలు మాత్రం ఇంకా అవతల ఈదిలో ఉన్నట్టున్నాయి." ఈ మాట కోపంగా అనేవాడు కాదు. పిల్లాడు మంచి మార్కులు తెచ్చుకున్నా ఒక్క లెక్క తప్పాడే అన్నట్టు బుజ్జగిస్తూ అనేవాడు. బావకి పట్టుదల పెరిగేది.

ఆ రోజుల్లో భీమిలి రోడ్డు మీద వెళ్ళిన సాయంత్రాలు నాకు ఇప్పటికీ కలల్లోకి వస్తాయి. కారు అంత కిందకి ఉండేది కాబట్టి సముద్రం మా భుజాలకి సమంగా కనపడేది. ఒక పక్క ఎర్రమట్టి దిబ్బలు, ఒక పక్క నురగ, మధ్యలో మా క్వయరు. సరుగుడు తోపుల నీడలు అద్దం మీద పడి జారిపోతుండేవి. టేపులో అమ్మ తాళం మోగేది, చిన్నగా, స్పష్టంగా, కెరటం విరిగే చోట తళుక్కుమన్నట్టు. అందులో ఏడ్చిన పాప ఈపాటికి బడికి పోతుంటుందని నేననేదాన్ని. బావ పాట వింటూ నడిపేవాడు. మరమరాల మురీ మిక్చరు పొట్లం మా ఇద్దరి మధ్యా గేరు రాడ్డు మీద వాలి ఉండేది. ఉల్లిపాయ ముక్కలు నాకు వదిలేసేవాడు. ఏ పాట ఎక్కడ అయిందో, ఊరు ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు. అంత బాగా వినపడుతోంది కదా, నాన్నకి ఇంకా ఏం కావాలి అని ఒక్కసారైనా పైకి అని ఉంటే ఎలా ఉండేదో. అనాలని తోచలేదు. ఆయన చెవి మీద మా నమ్మకం అలాంటిది.

చివరికి బావ ట్వీటర్లు తెచ్చాడు. సన్నటి శబ్దాలు పలికే చిన్న గుండ్రటి స్పీకర్లు, సీసా మూతలంత. ముందు ఒక జత, మళ్ళీ ఇంకో జత. అప్పల్రాజు వాటిని అద్దం మూలల్లో నాన్న చెవికి గురిపెట్టి బిగించాడు. ఆ ఆదివారం అద్దాలు దించి క్యాసెట్ పెట్టగానే మా వీధి కుక్కలన్నీ లేచి మొరిగాయి. అమ్మ తాళాలు సూదుల్లా గుచ్చుతున్నాయి. బావ చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఎదురింటి ముసలమ్మ కిటికీ రెక్క వేసేసుకుంది. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని, నుదురు ముడేసుకుని, పాటంతా విని, మెల్లగా తల అడ్డంగా తిప్పాడు. "ఊహూ. ఇంకా దూరంగానే ఉంది." అప్పల్రాజు స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకుని, విసుగంతా నవ్వులో కలిపి, "బావా, నా వల్ల కాదు. సెవిటోడి ముందు శంకం ఊదినట్టుంది మన పని" అన్నాడు. పాపం, ఆయన అన్నది సామెత. మేమందరం నవ్వేశాం. నాన్న కారులోంచి దిగుతూ మా మొహాలు చూసి, తనూ నవ్వాడు, ఏం మాట నడిచిందో తెలియకుండానే. అమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది. తరవాత బావది. అప్పల్రాజు నాలిక కరుచుకుని నిలబడిపోయాడు.

నాన్న కునుకు తీయడానికి లోపలికి పోయాక అమ్మ మమ్మల్ని పెరట్లోకి పిలిచింది. గిన్నెలు తోముతూనే మాట్లాడింది, గిన్నెల చప్పుడు అడ్డుగా పెట్టుకుని. "కుక్కరు కూతెడితే ఆయన కేకేసి సెప్పీవోడు, మూడయ్యాయి దింపమని. సెప్పడం మానేసి ఎన్నాళ్ళయిందో మీరెవరైనా సూసేరా?" అంది. మేం చూడలేదు. "గుళ్ళో ఆడపిల్లలు పై సొరం తప్పితే కనుబొమ ఎత్తీవోడు. ఇప్పుడు ఎత్తడు. నాకు అనుమానమొచ్చి ఒక ఆదివారం నాను తాళాలు తాకించలేదు. సేతులు ఆడించేను గానీ తాకించలేదు, పాటంతా. ఆయన నాకేసి సూసి, బాగుందని తలూపేడు." ఆ మాట దగ్గర ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.  ఇన్నాళ్ళూ మేం ఒకరితో ఒకరు అరుచుకుంటూ, యార్డు అలవాటు యార్డు అలవాటు అనుకుంటూ, ఆ అరుపుల వెనక నాన్న చెవి కొంచెం కొంచెంగా మూసుకుపోవడం చూడలేదు. నాకు ఏడుపు వచ్చింది. అమ్మ ఊరుకోమనలేదు, తనూ ముక్కు ఎగబీల్చుకుంది.

ఏం చెయ్యాలన్నది ప్రశ్న. బావ అన్నాడు, "ఇంక దేశంలో ఇంతకంటే మంచి స్పీకరు నేదు మావయ్యా అని సెప్పెత్తాను. ఆగిపోదుం." అమ్మ ఒప్పుకోలేదు. "ఆగితే కారు ఆగుతాది. ఈస్టరు ఆగుతాదా? ఈసారి కొత్త పాటరా, సగం పాట ఆడపిల్లల పై గొంతుల్లోనే. ఆళ్ళు తప్పుతారు, ఈయన తలూపుతాడు, గుడంతా సూత్తాది. జనం నోట ఇంటే ఆయన మరి పాట ముట్టుకోడు. పాట పోతే ఆయనేటి మిగుల్తాడు, తుప్పే కదా మిగిలేది." అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడగా నేను వినలేదు, అదీ గొంతు తగ్గించి. "నువ్వే సెప్పత్తా" అన్నాడు బావ, "నా వల్ల కాదు, మావయ్య నన్ను పెంచేడు." నేను చెప్పగలనా, కూతుర్ని. అమ్మ చేతులు కడుక్కుంది. "సెప్తాను. ఎక్కడ సెప్పమంటారు? ఆయనకి ఇనపడాలంటే అరిసి సెప్పాలి. ఈ ఇంట్లో అరిత్తే గోడ అవతల సుబ్బాయమ్మ మంచం మీంచి లేచి కూసుంటాది."

అప్పుడు తెలిసింది మాకు, మల్కాపురంలో మా కుటుంబానికి రహస్యం చెప్పుకునే చోటు ఒక్కటీ లేదని. గుసగుసలాడితే నాన్నకి వినపడదు, అరిస్తే వీధికి వినపడుతుంది. బీచికి పోదామంటే ఆదివారం జనం. బావ కొంచెంసేపు కారుకేసి చూసి, తాళం చెవి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. అద్దాలు పూర్తిగా ఎత్తేస్తే లోపలి మాట బయటికి రాదు. సౌండు బయటికి పోకూడదని తలుపుల్లో రబ్బరూ దూదీ కుక్కించింది తనే.

నాన్న నిద్ర లేచి టీ తాగాక, అమ్మ గుడికి వెళ్ళే చీర మళ్ళీ కట్టుకుని వచ్చింది. "నాను ఒక్కసారైనా కూసోలేదు ఈ కారులో. రండి" అంది. నాన్నకి సంబరం వేసింది. ఆమెకి తలుపు తీసి పట్టుకున్నాడు. చీర కుచ్చిళ్ళు బయట ఉండిపోతే తనే వంగి లోపలికి సర్దాడు. అద్దాలు పైకి వెళ్ళాయి. నేనూ బావా అరుగు మీద కూర్చున్నాం.  అమ్మ ఆయనకేసి తిరిగి మాట్లాడింది. నోరు పెద్దగా తెరుచుకోవడం కనపడుతోంది, మెడ నరాలు కనపడుతున్నాయి, అరుస్తోందని తెలుస్తోంది. మాకు ఒక్క అక్షరం వినపడలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంటి అరుపుల్లో పెరిగినదాన్ని, ఆ ఒక్క పూట నేను చెవిటిదాన్నయ్యాను. నాన్న నవ్వాడు, కొట్టిపారేస్తున్నట్టు చెయ్యి ఊపాడు. అమ్మ రుమాలు విప్పి కంచు తాళాలు తీసి వాయించింది. ఆయన ఏదో అన్నాడు. ఆమె వాటిని ఆయన చేతుల్లో పెట్టింది. నాన్న తనే వాటిని చెవి పక్కకి తెచ్చుకుని కొట్టాడు. మళ్ళీ కొట్టాడు, ఇంకా గట్టిగా. తాళాల వంక చూశాడు, అవి అదురుతూనే ఉండి ఉంటాయి. దెబ్బ తెలిసింది గానీ మోత తెలియలేదని తరవాత ఎప్పుడో చెప్పాడు. శుభ్రంగానే ఉన్న ముందు అద్దాన్ని అరచేత్తో తుడిచాడు. బావ లేచి వీధి చివరికి నడిచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయాను. అమ్మ ఆయన చెయ్యి తీసుకుని, అరచేతిలో వేళ్ళతో తాళం వేస్తోంది. చాలాసేపు వేసింది.

దిగాక నాన్న బావని పిలిచాడు. "ఆ సిన్నవి నాలుగూ తీసెయ్‌రా. కుక్కలు పాపం పడుకోవాలి కదా" అన్నాడు. బావ ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. "నీ పని తప్పు కాదురా అబ్బాయి. తప్పంతా మావయ్య మీద నమ్మకానిది" అని నాన్న బావ వీపు నిమిరాడు.  ఆ వారమంతా మా ఇంట్లో సాయంత్రాలు హార్మోనియం పెట్టె తెరుచుకోలేదు. టీ గ్లాసు పక్కనే చల్లారిపోయేది. క్వయరు వదిలేస్తానని అయ్యగారికి చెప్పేస్తాడని అమ్మకి భయం, అడగడానికి ధైర్యం లేదు.

ఇప్పుడైతే ఇంత కథ జరగదు. చెవి పరీక్షకి పంపుతారు, మిషను పెడతారు. నాన్నకీ తరవాత పెట్టించాం. అది కుయ్యిమంటోందని అగ్గిపెట్టెలో పడేసి, పండగలకి మాత్రం తీసేవాడు. ఇప్పటి కార్లలో పాట ఎంత బాగుందంటే, విన్నవాళ్ళని అడిగే పనే లేదు. ఎవరి చెవుల్లో వాళ్ళకి పాట, ఎవరి గదిలో వాళ్ళకి గుసగుస, రహస్యాలకి బోలెడంత చోటు. నేను దాన్ని తప్పు పట్టను, సుబ్బాయమ్మ చెవిన పడకుండా బతకడం ఎంత సుఖమో నాకు తెలుసు. కానీ ఒక మనిషికి ఏం వినపడడం లేదో కనిపెట్టడానికి ఒక ఇల్లంతా కలిసి అన్నాళ్ళు కారు విప్పి బిగించింది చూడండి, పిచ్చిపనే గానీ, అలాంటి పిచ్చి ఇప్పుడు ఎవరికుంది. ఆ పక్కింటి కుర్రాడు ఏమైనా తగ్గిందా అని అడిగితే, ఏమీ తగ్గలేదు నాయనా అన్నాను. నిజంగానే ఏమీ తగ్గలేదు.

ఆ రోజు కారు దిగిన వారం చివర, శనివారం సాయంత్రం క్వయరు ప్రాక్టీసు. నాన్న రాడనే అనుకున్నాను. తెల్ల చొక్కా వేసుకుని మా కంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. అందరం వరసల్లోకి వచ్చాక, పాటల పుస్తకం మూసి పట్టుకుని మాట్లాడాడు. "ఒక మాట. మీ పై గొంతులు నాకు ఇనపడ్డం నేదు. కొన్నాళ్ళ నించీ. రేపు ఈస్టరుకి మీరు తప్పు పాడినా నాకు తెలవదు, బాగుందనే తలూపుతాను. నన్ను మోసం సెయ్యడం ఇప్పుడు సాలా సులువు. ఇంకెవరైనా నిలబడతానంటే రండి, నాను ఎనక వరసలో పాడతాను."  ఎవరూ ముందుకి రాలేదు. అమ్మ తల దించుకుని తాళాల తాడు సర్దుకుంటోంది. నాన్న కాసేపు చూసి, సరేనని, శ్రుతి ఇచ్చాడు. మేం కొత్త పాట ఎత్తుకున్నాం. రెండో చరణంలో పై గొంతు దగ్గర, నా పక్కన నిలబడ్డ మేరీ అనే అమ్మాయి స్వరం జారింది. అంతమంది గొంతుల్లో అది పెద్దగా తెలియలేదు కూడా. నాన్న తలూపుతూనే ఉన్నాడు. మేరీ ఆగిపోయింది. చెయ్యెత్తి, వీధి చివరికి వినపడేంత గట్టిగా, "మాస్టారూ, నాను తప్పు పాడీసేను. మళ్ళీ ఎత్తండి" అంది.

నాన్న మళ్ళీ శ్రుతి ఇచ్చాడు.